స్పీడ్ ఉన్నా మీటింగ్‌లో గొంతు ఎందుకు తెగుతుంది? నెట్‌వర్క్ ప్రయారిటీ, క్యూఓఎస్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా, ఇటు బెళ్లందూరు, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే మనవాళ్ళలో ఇంటి నుంచి పని చేసేవాళ్ళు చాలామంది. నేను నెట్‌వర్క్‌ల మీదే పని చేస్తాను కాబట్టి నెట్ సతాయించినప్పుడల్లా నాకు ఫోన్లు వస్తుంటాయి. ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి, అందుకే జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. ముందే ఒక మాట. ప్రయారిటీ సెట్టింగ్స్ కొత్తగా స్పీడును పుట్టించవు. క్యూ ఏర్పడినప్పుడు ఎవరు ముందు వెళ్ళాలి, ఎవరు ఆగాలి అన్నదే అవి తేలుస్తాయి. ఆ క్యూ మీ చేతిలో ఉన్న పెట్టెలో ఏర్పడితేనే మీ మాట చెల్లుతుంది.

స్పీడ్ టెస్ట్‌లో 100 ఎంబీపీఎస్ చూపిస్తోంది. అయినా మీటింగ్‌లో నా గొంతు తెగిపోతోందంటున్నారు. ఎలా?

స్పీడ్ టెస్ట్ చెప్పేది ఒక సెకనులో మొత్తం ఎంత డేటా వెళ్ళిందో మాత్రమే. మాటకు అంత డేటా అక్కర్లేదు. గొంతును డేటాగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. ల్యాండ్‌లైన్ స్థాయి నాణ్యత ఇచ్చే జీ.711 కోడెక్‌నే తీసుకోండి. అది మీ గొంతును సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా చేసి, సెకనుకు 50 ప్యాకెట్లు పంపుతుంది. ఒక్కో ప్యాకెట్‌లో గొంతు 160 బైట్లు, దాని మీద చిరునామాలూ అవీ మరో 40 బైట్లు. అంతా కలిపినా 80 కేబీపీఎస్. మీ 100 ఎంబీపీఎస్‌లో వెయ్యో వంతు కూడా లేదు.

మాట బాగా వినపడాలంటే చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ప్యాకెట్ ఎంత ఆలస్యంగా చేరుతోంది, అంటే లేటెన్సీ. ఆ ఆలస్యం ప్రతి ప్యాకెట్‌కీ ఒకేలా ఉందా, ఒకసారి 20, ఇంకోసారి 300 మిల్లీసెకన్లు అవుతోందా, అంటే జిట్టర్. దారిలో ఎన్ని ప్యాకెట్లు పోతున్నాయి, అంటే లాస్. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణకు ఇబ్బంది ఉండదని అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ తన జీ.114 సిఫార్సులో చెప్పింది. 400 దాటితే నెట్‌వర్క్ ప్రణాళికలోనే ఒప్పుకోకూడదంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, "మీరు చెప్పండి, మీరు చెప్పండి" అనుకోవడం మొదలయ్యేది ఇలాంటి ఆలస్యాల దగ్గరే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. అవతలివాళ్ళ యాప్ మీ ప్యాకెట్ల కోసం కాసేపే ఆగుతుంది. ఆ గడువు దాటి వచ్చిన ప్యాకెట్‌ను వాడుకోకుండా పారేస్తుంది. కాబట్టి ప్యాకెట్ దారిలో పోకపోయినా, బాగా ఆలస్యమైతే పోయినట్టే. గొంతు రోబోలా మారడం, మాట మధ్యలో మింగేసినట్టు కావడం ఎక్కువగా ఇందువల్లే. పైగా మీ గొంతు వెళ్ళేది అప్‌లోడ్ దారిలో. అదే సమయానికి ఇంట్లో ఎవరి ఫోనో ఊరి పెళ్ళి వీడియోలన్నీ బ్యాకప్ చేస్తుంటే, వాటి వెనకాల మీ గొంతు నిలబడుతుంది.

ఇంతకీ క్యూఓఎస్ అంటే ఏమిటి?

క్వాలిటీ ఆఫ్ సర్వీస్. నెట్‌వర్క్ మీద వెళ్ళే డేటాను రకాలుగా విడదీసి, ఏ రకానికి ఎంత ఆలస్యం, ఎంత లాస్, ఎంత వాటా అన్నది మనం నిర్ణయించే పద్ధతులన్నిటికీ కలిపి వాడే పేరు. ప్రయారిటీ అందులో ఒక భాగం మాత్రమే.

ఇంటర్నెట్‌లో ఈ ప్రయారిటీ మొదటి నుంచీ ఉందా?

చోటు మొదటి నుంచీ ఉంది, వాడకం లేదు. ఇంటర్నెట్ ప్యాకెట్ ఎలా ఉండాలో చెప్పే ఐపీ ప్రమాణం, అంటే 1981లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 791, ప్రతి ప్యాకెట్ తలలో టైప్ ఆఫ్ సర్వీస్ పేరుతో ఒక బైటు కేటాయించింది. దాన్ని అప్పట్లో దాదాపు ఎవరూ పట్టించుకోలేదు.

రద్దీ ఎంత ప్రమాదమో తెలిసింది 1986 అక్టోబరులో. అమెరికాలో లారెన్స్ బర్కిలీ ల్యాబ్‌కీ, బర్కిలీ యూనివర్సిటీకీ మధ్య దూరం 400 గజాలు. ఆ లింకు మీద డేటా వేగం 32 కేబీపీఎస్ నుంచి సెకనుకు 40 బిట్లకు పడిపోయింది. పంపేవాళ్ళు జవాబు రాలేదని పంపిందే మళ్ళీ మళ్ళీ పంపడంతో లింకు మొత్తం పనికిరాని నకళ్ళతో నిండిపోయింది. వాన్ జాకబ్సన్ దీన్ని తవ్వి, 1988లో టీసీపీకి, అంటే రెండు కంప్యూటర్లు డేటా పంపుకునే పద్ధతికి, రద్దీ చూసి తగ్గే గుణం నేర్పించారు. నేటికీ మన నెట్ నిలబడి ఉందంటే ఆ తగ్గే గుణమే కారణం. తర్వాత చెప్పబోయే షేపింగ్ కూడా దాని మీదే ఆధారపడుతుంది.

1994 నుంచి ఇంట్‌సర్వ్ అనే ఆలోచన నడిచింది. ప్రతి కాల్‌కీ దారి పొడవునా ప్రతి రూటర్‌లోనూ ముందే రిజర్వేషన్ చేయడం దాని పద్ధతి. లక్షల కాల్స్‌కి ప్రతి రూటరూ లెక్క గుర్తుపెట్టుకోవాలి కాబట్టి పెద్ద నెట్‌వర్క్‌లకు అది మోయలేని బరువైంది. 1998 డిసెంబరులో డిఫ్‌సర్వ్ వచ్చింది. పాత బైటులోనే 6 బిట్లు తీసుకుని ప్యాకెట్ మీద ఒక అంకె ముద్ర వేస్తారు. ప్రతి రూటరూ ఆ అంకె చూసి నడుచుకుంటుంది. ఆఫీసు నెట్‌వర్క్‌లలో ఇప్పటికీ ఇదే పద్ధతి.

డీఎస్‌సీపీ అంటే ఆ ముద్రేనా? నా ల్యాప్‌టాప్‌లో 46 అని పెడితే అమెరికా దాకా ప్రయారిటీ వస్తుందా?

అవును, అదే. 6 బిట్లు కాబట్టి 0 నుంచి 63 దాకా అంకెలు. మామూలు ట్రాఫిక్‌కి 0. వాయిస్‌కి వాడే ఈఎఫ్ తరగతి 46. ఉదాహరణకు టీమ్స్ కోసం మైక్రోసాఫ్ట్ సూచించేది ఆడియోకి 46, వీడియోకి 34, స్క్రీన్ షేరింగ్‌కి 18.

అమెరికా దాకా మాత్రం రాదు. ముద్రను మీరు వేసుకున్నారు, దాన్ని గౌరవించాల్సింది అవతలి నెట్‌వర్క్. మీ ఇల్లు దాటాక మీ ప్రొవైడర్ దాన్ని తుడిచేయవచ్చు, పట్టించుకోకుండా వదిలేయవచ్చు. ఆలోచిస్తే అది సబబే. అందరూ 46 పెట్టుకుంటే ఎవరికీ ప్రయారిటీ లేనట్టే కదా. అందుకే ఎవరి నెట్‌వర్క్ గడప దగ్గర వాళ్ళు ముద్రలు తనిఖీ చేసుకుంటారు. ఇంటి లోపల, ఆఫీసు లోపల, ఆఫీసు బ్రాంచీల మధ్య అద్దెకు తీసుకున్న లింకుల మీద ముద్ర పనిచేస్తుంది. మామూలు ఇంటర్నెట్ మీద దాని మీద ఆశ పెట్టుకోకండి.

మా ఇంట్లో ఇబ్బంది క్యూ వల్లా, ఇంకేదన్నానా? ఎలా తెలుస్తుంది?

ఇది మీరే పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. ఏ సెట్టింగ్ ముట్టుకునే ముందైనా ఇది చేయండి, లేకపోతే చీకట్లో రాయి వేసినట్టే.

ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా రూటర్‌కి కలపండి. వైఫై గొడవ ఇప్పుడు వద్దు. పింగ్ అంటే ఒక చిన్న ప్యాకెట్ వెళ్ళి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసే కమాండ్. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, గూగుల్ సర్వర్ 8.8.8.8 కి పింగ్ ఆగకుండా నడిచేలా పెట్టండి. విండోస్‌లో చివర హైఫన్ టి ఇస్తే ఆగకుండా నడుస్తుంది. ఇల్లు ఖాళీగా, అంటే నెట్ ఇంకెవరూ వాడకుండా ఉన్నప్పుడు ఒక్కో లైనులో 5, 6, 5, 8 ఇలా మిల్లీసెకన్లు కనిపిస్తాయనుకుందాం. ఇప్పుడు ఒక పెద్ద వీడియో ఫైలును డ్రైవ్‌లోకి అప్‌లోడ్ పెట్టి, పింగ్ లైన్లనే చూస్తూ ఉండండి. అంకెలు 10, 12 దగ్గర ఆగితే మీ లింకు ఆరోగ్యంగా ఉంది. 5 కాస్తా 90, 240, 610 అని ఎక్కుతూ పోయి, అప్‌లోడ్ ఆపగానే మళ్ళీ 5కి దిగితే ఇబ్బంది క్యూదే. డౌన్‌లోడ్ పెట్టి కూడా ఇలాగే చూడండి.

కమాండ్లు ఇష్టం లేనివాళ్ళు ఫాస్ట్ డాట్ కామ్ తెరిచి, టెస్ట్ అయ్యాక మరిన్ని వివరాలు నొక్కండి. నెట్ ఖాళీగా ఉన్నప్పటిది అన్‌లోడెడ్, నిండుగా ఉన్నప్పటిది లోడెడ్ అని రెండు లేటెన్సీలు చూపిస్తుంది. ఆ రెండింటి మధ్య తేడానే మీ రోగం. మ్యాక్ వాళ్ళకి 2021లో వచ్చిన మాంటెరీ నుంచి నెట్‌వర్క్ క్వాలిటీ అనే కమాండ్ సిస్టమ్‌లోనే ఉంది.

ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు కూడా పింగ్ గంతులేస్తున్నా, మధ్యలో రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్ వస్తున్నా అది క్యూ సమస్య కాదు. కేబుల్, కనెక్టర్, చెట్ల మీదుగా వేలాడే ఫైబర్, ప్రొవైడర్ వైపు రద్దీ, ఇలా ఏదైనా కావచ్చు. దాన్ని క్యూఓఎస్ బాగుచేయలేదు. ఆ పింగ్ స్క్రీన్‌ను ఫొటో తీసి కంప్లయింట్ పెట్టండి. కేబుల్ మీద చూసిన అంకెలు కాబట్టి "మీ వైఫై బాలేదు సర్" అని తప్పించుకోలేరు.

డేటా పోకుండా పెద్ద బఫర్ ఉండటం మంచిదే కదా? అదెలా తప్పవుతుంది?

బఫర్ అంటే ప్యాకెట్లు తమ వంతు వచ్చేదాకా ఆగే మెమరీ. లెక్క వేసి చూద్దాం. మీ అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ అనుకోండి. మోడెమ్‌లో 1 ఎంబీ బఫర్ ఉంది. 1 ఎంబీ అంటే 8 మెగాబిట్లు. 10 ఎంబీపీఎస్ దారిలో అది ఖాళీ కావడానికి 0.8 సెకను పడుతుంది. బఫర్ నిండి ఉన్నప్పుడు మీ గొంతు ప్యాకెట్ చివర చేరితే, ఇల్లు దాటడానికే 800 మిల్లీసెకన్లు. ఐటీయూ చెప్పిన 150కి ఐదు రెట్ల పైనే.

బఫర్ నిండకుండా ఉంటుందా అంటే, ఉండదు. టీసీపీ తన వేగాన్ని పెంచుకుంటూ పోతుంది, ప్యాకెట్ పోయినప్పుడే తగ్గుతుంది. బఫర్ ఎంత పెద్దదైతే ప్యాకెట్ పోయే క్షణం అంత ఆలస్యమవుతుంది, ఈలోపు క్యూ పెరుగుతూనే ఉంటుంది. మెమరీ చవకైన కొద్దీ తయారీదార్లు బఫర్లు పెంచుకుంటూ పోయారు. 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ తన ఇంటి కనెక్షన్ మీదే దీన్ని పట్టుకుని బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టారు. డేవ్ టాట్ ఏళ్ళ తరబడి దీని మీదే పనిచేసి, ఇళ్ళ రూటర్లలో నడిచే పరిష్కారాలను ఉచితంగా అందరికీ అందేలా చేశారు. ఆయన 2025లో చనిపోయారు. రాత్రిపూట వీడియో కాల్‌లో అమ్మతో తెగకుండా మాట్లాడగలిగే ప్రతివాళ్ళూ తెలియకుండానే ఆయనకు ఎంతో కొంత రుణపడి ఉన్నారు.

సరే, క్యూ వల్లే అని తేలింది. ఇప్పుడేం చేయాలి?

క్యూను మీ రూటర్‌లోకి తెచ్చుకోవాలి. దీన్నే షేపింగ్ అంటారు, ఈ మొత్తంలో అతి ముఖ్యమైన పని ఇదే.

తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ ఎందుకుందో ఆలోచించండి. వచ్చిన జనమంతా ఒకేసారి మహాద్వారం దగ్గరికి చేరితే అక్కడ ఎవరినీ అదుపు చేయలేరు. అందుకే ముందే కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి, లోపల పట్టేంత మందిని మాత్రమే వదులుతారు. చంటిపిల్లల తల్లులను ముందు పంపాలన్నా జనం అదుపులో ఉన్న చోటే వీలవుతుంది. మీ రూటర్ కూడా ప్రొవైడర్ ఇచ్చిన వేగం కంటే కొంచెం తక్కువగానే వదలాలి. అప్పుడు ప్రొవైడర్ పెట్టెలో బఫర్ ఖాళీగా ఉంటుంది. క్యూ మీ దగ్గర ఏర్పడుతుంది, దాన్ని ఎలా నడపాలో మీరు చెప్పవచ్చు.

ఆచరణలో ఇలా చేయండి. స్పీడ్ టెస్ట్ రద్దీ వేళలో రెండు మూడుసార్లు చేసి, తక్కువ వచ్చిన అంకె తీసుకోండి. అప్‌లోడ్ 40 వస్తే 36, డౌన్‌లోడ్ 100 వస్తే 90 అని రూటర్‌లో పెట్టండి. పింగ్ పరీక్ష మళ్ళీ చేయండి. అంకెలు ఇంకా ఎక్కుతుంటే మరికొంత తగ్గించండి, బాగుంటే కాస్త పెంచి చూడండి. ఆ పది శాతం వదులుకోవడానికి చాలామందికి మనసొప్పదు. ప్లాన్‌కి డబ్బు కట్టాం కదా అంటారు. 100కి బదులు 90 వస్తే సినిమా డౌన్‌లోడ్‌కి తెలిసే తేడా లేదు. పింగ్ 600 నుంచి 15కి దిగితే మాత్రం ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

డౌన్‌లోడ్ వైపు క్యూ ప్రొవైడర్ దగ్గర కదా, దాన్ని మనమెలా అదుపు చేస్తామని తెలివైనవాళ్ళు అడుగుతారు. నిజమే, నేరుగా చేయలేం. మన రూటర్ వచ్చిన ప్యాకెట్లను కాస్త ఆపి, అవసరమైతే కొన్నిటిని పారేస్తుంది. దాంతో పంపేవాళ్ళ టీసీపీ తగ్గుతుంది, ప్రొవైడర్ దగ్గర క్యూ పెరగదు. అప్‌లోడ్ వైపు దొరికినంత పట్టు ఇక్కడ దొరకదు కాబట్టి డౌన్‌లోడ్‌కి కొంచెం ఎక్కువ తగ్గింపు ఉంచుకోండి.

రూటర్‌లో క్యూఓఎస్ అన్న బటన్ ఆన్ చేశాను. ఏ తేడా లేదు. ఎందుకు?

నాకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. ముందుగా చూడాల్సింది, అప్‌లోడ్, డౌన్‌లోడ్ వేగాలు మీరు అందులో నింపారా లేదా అని. నింపకపోతే రూటర్ తన దారి 1000 ఎంబీపీఎస్ అనుకుంటుంది, ఎందుకంటే ప్రొవైడర్ బిగించిన ఫైబర్ పెట్టెకి కలిసిన కేబుల్ వేగం అదే. దాని దృష్టిలో రద్దీయే లేదు. క్యూ ముందున్న ఫైబర్ పెట్టెలో పెరుగుతుంటుంది, మీ ప్రయారిటీ జాబితా మీ రూటర్‌లో ఊరికే కూర్చుంటుంది.

వేగాలు నింపినా మారకపోతే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ చూడండి. చాలా రూటర్లలో ఎక్కువ స్పీడ్ కోసం ప్యాకెట్లను ప్రాసెసర్‌కి చూపించకుండా చిప్‌లోంచే దాటించే ఏర్పాటు ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు మీ క్యూల దాకా రావు. ఆపేస్తే క్యూలు పనిచేస్తాయి, కానీ చవక రూటర్ ప్రాసెసర్ కొన్ని వందల ఎంబీపీఎస్ మోయలేక చతికిలపడవచ్చు. ప్లాన్ పెద్దదైతే రూటర్‌కి కూడా సత్తువ కావాలి.

ఇంకొకటి, ఫైబర్ పెట్టే రూటర్‌గా పనిచేస్తూ, ఇంట్లో సగం ఫోన్లు దాని వైఫైకి, మిగతావి మీ రూటర్ వైఫైకి కలుస్తుంటాయి. అప్పుడు సగం ట్రాఫిక్ మీ రూటర్ ముఖమే చూడదు. ఫైబర్ పెట్టెలో వైఫై ఆపేయండి.

వాయిస్‌కి అన్నిటికంటే పై ప్రయారిటీ ఇచ్చేస్తే సరిపోదా?

ఇవ్వవచ్చు, హద్దు పెట్టి. కచ్చితమైన ప్రయారిటీ అంటే పై క్యూలో ఒక్క ప్యాకెట్ ఉన్నా కింది క్యూ కదలదు. పై క్యూలోకి పొరపాటున వీడియో, బ్యాకప్ చేరాయంటే మిగతా ఇల్లంతా ఆగిపోతుంది. అందుకే ఆఫీసు రూటర్లలో ప్రయారిటీ క్యూకి ముందే గరిష్ఠ వాటా పెడతారు. లింకులో దాదాపు మూడో వంతుకు మించకుండా చూసుకోమని నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో చాలాకాలంగా చెబుతోంది.

ఇళ్ళకైతే నా అభిప్రాయం వేరు. ప్రయారిటీ జాబితాలు రాసుకుంటూ కూర్చోవడం దండగ. ఏ యాప్ ఏ పోర్టు వాడుతుందో రోజూ మారుతుంది, ట్రాఫిక్ అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. దానికి బదులు న్యాయంగా పంచే క్యూ పెట్టుకోండి. 2012లో కాథలీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కోడెల్ అనే పద్ధతి చెప్పారు. క్యూ ఎంత పొడవుందని అది చూడదు, ప్యాకెట్ క్యూలో ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. 100 మిల్లీసెకన్ల పాటు ఏ ప్యాకెట్టూ 5 మిల్లీసెకన్ల లోపు బయటపడకపోతే, అది ఆగిపోయిన క్యూ అని గుర్తించి ప్యాకెట్లు పారేయడం మొదలుపెడుతుంది. దీనికి ఒక్కో కనెక్షన్‌కి, అంటే యాప్‌లు బయటకు తెరిచే ఒక్కో దారికి, విడి క్యూ జోడిస్తే ఎఫ్‌క్యూ కోడెల్. అందులో కొద్దికొద్దిగా వచ్చే కనెక్షన్లకు వాటంతట అవే ముందు చోటు దొరుకుతుంది. గొంతు సరిగ్గా అలాంటిదే కదా, 20 మిల్లీసెకన్లకొక చిన్న ప్యాకెట్. ఎవరూ ముద్ర వేయక్కర్లేదు, పోర్టు నంబర్లు వెతకక్కర్లేదు.

2018లో లినక్స్ 4.19తో వచ్చిన కేక్ అనే పద్ధతి దీనికి మరింత మెరుగులు దిద్దింది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పడే రూటర్ ఉంటే ఎస్‌క్యూఎం అన్న ప్యాకేజీ వేసి, ఇంటర్నెట్ వచ్చే వాన్ పోర్టు ఎంచుకుని, రెండు వేగాలు నింపి, కేక్ అని పెట్టండి. మైక్రోటిక్ రూటర్లు వాడేవాళ్ళకి రూటర్‌ఓఎస్ 7 నుంచి ఎఫ్‌క్యూ కోడెల్, కేక్ రెండూ ఉన్నాయి.

మా పీజీలో 60 మంది ఒకే కనెక్షన్ మీద ఉన్నాం. రాత్రి పదైతే ఏదీ కదలదు. ఓనర్‌గారిని ఏమడగాలి?

ముందు లెక్క. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌ని 60 మంది ఒకే క్షణంలో లాగితే తలా 3.3 ఎంబీపీఎస్. అందరూ ఒకే క్షణంలో లాగరు కాబట్టి మామూలుగా ఇది చాలావరకు సరిపోవాలి. సరిపోవడం లేదంటే ఒకరిద్దరు ఎక్కువ తినేస్తున్నారని అనుమానించాలి.

ఎలా తింటారో చూడండి. కనెక్షన్‌కి ఇంత అని పంచే క్యూ ఉందనుకుందాం. మీరు ఒక్క కనెక్షన్‌తో మీటింగ్ స్క్రీన్ షేర్ చేస్తున్నారు. పక్క గదిలో అబ్బాయి టొరెంట్ 100 కనెక్షన్లు తెరిచింది. పంపకం కనెక్షన్ల లెక్కన కాబట్టి 101 వాటాల్లో 100 అతనివే. అతను తప్పేమీ చేయలేదు, టొరెంట్ నడిచేదే అలాగ. ఇక్కడ కావాల్సింది మనిషికి ఇంత అని పంచే పద్ధతి. కేక్‌లో ఈ సదుపాయం ఉంది: ముందు లోపలి చిరునామాల మధ్య సమానంగా పంచి, తర్వాత ఒక్కొక్కరి కనెక్షన్ల మధ్య పంచుతుంది. టొరెంట్ వంద తెరిచినా వెయ్యి తెరిచినా అతని వాటాలోంచే తీసుకోవాలి. మిగతావాళ్ళు వాడనప్పుడు మాత్రం మొత్తం అతనికే దొరుకుతుంది.

ఒక జాగ్రత్త. అందరి చిరునామాలనూ ఒకే చిరునామాగా మార్చి బయటకు పంపే నాట్ జరిగే రూటర్‌లోనే ఇది పెట్టాలి, కేక్‌కి నాట్ చూడమని కూడా చెప్పాలి. లేకపోతే దానికి 60 మందీ ఒకే మనిషిలా కనిపిస్తారు.

ఓనర్‌గారిని కొత్త ప్లాన్ అడిగే ముందు ఈ రూటర్ అడగండి. అలాగే ఒక్కొక్కరికీ 2 ఎంబీపీఎస్ అని గట్టిగా హద్దు పెట్టే పద్ధతికి ఒప్పుకోకండి. పగలు అందరూ ఆఫీసుల్లో ఉన్నప్పుడు కూడా మీకు ఆ 2 మాత్రమే వస్తుంది, మిగతాదంతా వృథా. ఇక ఒక్కో అంతస్తుకి ఒకే వైఫై పెట్టె ఉండి గోడల అవతల సిగ్నల్ అందకపోతే, కేక్ పెట్టినా ప్రయోజనం ఉండదు. మారతహళ్లి పీజీల్లో ఫోన్ తెరిస్తే పదుల కొద్దీ వైఫై పేర్లు కనిపిస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్ళు 1, 6, 11 అని మూడే. అంతమందీ ఆ మూడింటిలోనే ఇరుక్కోవాలి. 5 గిగాహెర్ట్జ్ పెట్టెలు ఎక్కువ చోట్ల పెట్టించమని అడగండి.

వైఫైలో డబ్ల్యూఎంఎం అని ఉంది. దాన్ని ఆపితే స్పీడ్ పెరుగుతుందన్నారు.

ఆపకండి, తగ్గుతుంది. 802.11ఎన్, ఆ తర్వాతి వైఫైలు డబ్ల్యూఎంఎం ఉంటేనే తమ పూర్తి వేగంతో నడుస్తాయి. ఆపితే పాత 54 ఎంబీపీఎస్‌కి పడిపోవచ్చు.

డబ్ల్యూఎంఎం చేసేది గాలిలో ప్రయారిటీ. వాయిస్, వీడియో, మామూలు, బ్యాక్‌గ్రౌండ్ అని నాలుగు తరగతులు. వాయిస్ తరగతి ప్యాకెట్ గాలి ఖాళీ అయ్యాక తక్కువసేపు ఆగి ముందు అందుకుంటుంది. ఇక్కడ ఆఫీసు నెట్‌వర్క్‌లు చూసేవాళ్ళకి పనికొచ్చే సూక్ష్మం ఒకటుంది. 46ను బిట్లలో రాస్తే 101110. చాలా పరికరాలు మొదటి మూడు బిట్లే తీసుకుంటాయి, అంటే 101, అంటే 5. వైఫై లెక్కలో 5 వీడియో తరగతి. అలా వాయిస్ అని ముద్ర వేసినది వీడియోగా వెళ్ళిపోతుంది. దీన్ని సరిచేస్తూ, 46ను 6కి, అంటే వాయిస్ తరగతికి కలపమని 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8325 వచ్చింది. మీ వైఫై కంట్రోలర్‌లో ఆ మ్యాపింగ్ ఎలా ఉందో ఒకసారి తెరిచి చూడండి.

విండోస్ మన స్పీడులో 20 శాతం తన కోసం దాచుకుంటుందట. ఆ సెట్టింగ్ మార్చాలా?

అక్కర్లేదు. ఏళ్ళ తరబడి తిరుగుతున్న అపోహ ఇది. క్యూఓఎస్ ప్యాకెట్ షెడ్యూలర్‌లో ఉన్న ఆ అంకె, ఏదైనా ప్రోగ్రామ్ ప్రత్యేకంగా రిజర్వేషన్ అడిగితే గరిష్ఠంగా ఎంత ఇవ్వవచ్చన్న హద్దు. ఎవరూ అడగనప్పుడు నూరు శాతమూ మీదే.

ఫోన్‌లో మామూలు కాల్ బాగుంటుంది, అదే చోట వాట్సాప్ కాల్ తెగుతుంది. నెట్‌వర్క్ ఒకటే కదా?

టవర్ ఒకటే, తరగతులు వేరు. వోల్టే కాల్, అంటే 4జీ మీద వెళ్ళే మామూలు కాల్, మొదలవగానే నెట్‌వర్క్ దానికి క్యూసీఐ 1 అనే విడి దారి తెరుస్తుంది. వేగానికి హామీ, ఆలస్యానికి 100 మిల్లీసెకన్ల లక్ష్యం. వాట్సాప్ కాల్ టవర్‌కి డేటాలాగే కనిపిస్తుంది, మామూలుగా క్యూసీఐ 9లో, 300 మిల్లీసెకన్ల తరగతిలో, అందరి వీడియోలతో కలిసి వెళ్తుంది. సాయంత్రం సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో అందరూ ఫోన్లు పట్టుకుని కూర్చున్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది. క్యూఓఎస్ అసలు రుచి చూడాలంటే ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు: మొదటి నుంచి చివరి దాకా నెట్‌వర్క్ ఒకరి చేతిలో ఉంటే ప్రయారిటీ అంత చక్కగా పనిచేస్తుంది.

ప్రొవైడర్ ఒక యాప్‌కి ప్రయారిటీ ఇచ్చి ఇంకోదాన్ని నెమ్మది చేయవచ్చా? మనింట్లో మనం చేసేదీ అలాంటిదే కదా?

మన దేశంలో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న, కంటెంట్‌ను బట్టి డేటాకి వేర్వేరు ధరలు పెట్టడాన్ని నిషేధించింది. 2017 నవంబరులో నెట్ న్యూట్రాలిటీ మీద సిఫార్సులు ఇచ్చింది, 2018 జులైలో టెలికం శాఖ వాటిని ఆమోదించింది. ప్రొవైడర్లు కంటెంట్‌ను ఆపడం, నెమ్మది చేయడం, కొందరికి పక్షపాతం చూపడం కుదరదు. రద్దీని సహేతుకంగా నిర్వహించుకోవడానికి, కొన్ని ప్రత్యేక సేవలకు మినహాయింపు ఉంది.

ఈ ఆంక్షలు లైసెన్స్ ఉన్న ప్రొవైడర్లకు. మీ ఇంటి రూటర్‌లో మీ మీటింగ్‌ని ముందు పంపి, మీ టొరెంట్‌ని వెనక పెట్టుకోవడం పూర్తిగా మీ ఇష్టం. నెల కోటా దాటాక ప్లాన్ ప్రకారం వేగం తగ్గడం కూడా దీని కిందికి రాదు. అది ఏ యాప్‌నీ చూడదు, మొత్తానికి హద్దు. అప్పుడు మాత్రం రూటర్‌లో నింపిన వేగాలు కూడా తగ్గించుకోవాలి, లేకపోతే క్యూ మళ్ళీ ప్రొవైడర్ దగ్గరికి వెళ్ళిపోతుంది.

అమెరికా క్లయింట్‌తో పింగ్ 220 వస్తోంది. క్యూఓఎస్‌తో తగ్గుతుందా?

తగ్గదు. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. బెంగళూరు నుంచి అమెరికా తూర్పు తీరానికి దూరం 13 వేల కిలోమీటర్ల పైనే. తిన్నగా గీత గీసినట్టు ఫైబర్ ఉన్నా వెళ్ళి రావడానికే 130 మిల్లీసెకన్లు. నిజం కేబుళ్ళు సముద్రాల చుట్టూ తిరిగి వెళ్తాయి. మీ చేతిలో ఉన్నది ఆ 220ని ఎప్పుడూ 220గానే ఉంచడం, మీ ఇంట్లో క్యూ వల్ల 700 కాకుండా చూసుకోవడం. స్థిరంగా ఉన్న 220తో మీటింగ్ హాయిగా నడుస్తుంది.

గేమింగ్ రూటర్ కొనాలా, ప్లాన్ పెంచుకోవాలా?

పింగ్ పరీక్ష చేశాక అడగండి. లోడ్ పెట్టినా పింగ్ కదలకపోతే రెండూ వద్దు, వైఫై చూసుకోండి. లోడ్‌తో పింగ్ ఎక్కుతుంటే ముందు షేపింగ్. ప్లాన్ పెంచితే క్యూ త్వరగా ఖాళీ అవుతుంది, కానీ పెద్ద అప్‌లోడ్ పడ్డ ప్రతిసారీ మళ్ళీ నిండుతుంది. షేపింగ్ పెట్టాక కూడా అందరికీ చాలడం లేదంటే అప్పుడు ప్లాన్ పెంచుకోండి. రూటర్ కొనాల్సి వస్తే డబ్బా మీద ఉన్న రంగు లైట్లు, గేమింగ్ అన్న మాట చూడకండి. ఎఫ్‌క్యూ కోడెల్ గానీ కేక్ గానీ ఉందా, మీ ప్లాన్ వేగంలో షేపింగ్ చేసే సత్తువ దాని ప్రాసెసర్‌కి ఉందా, ఈ రెండూ షాపులో అడిగి, మోడల్ నంబర్ పెట్టి వెతికి, అప్పుడు కొనండి.